మెంబరుగారి భార్య

మంత్రిగారు రాజీనామా చేసిన పొద్దున మా మామయ్య సగం గడ్డమే గీసుకున్నారు. టీవీలో ఆ మాట చెవిన పడగానే రేజరు చేత్తో పట్టుకునే హాల్లోకి వచ్చేశారు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ అలాగే ఆరిపోతోంది. మంత్రి పదవికీ, మా ఊరి నుంచి గెలిచిన సీటుకీ రెండిటికీ ఒకేసారి రాజీనామా ఇచ్చేశారని, కారణం మాత్రం చెప్పలేదని టీవీ అమ్మాయి చెప్పిందే చెబుతోంది.

"కారణం చెప్పలేదంటే పెద్ద కారణమే," అన్నారు మామయ్య.

వంటింట్లోంచి అత్తయ్య తొంగిచూసి, "ఒంట్లో బాగాలేదేమో," అంది.

"ఒంట్లో బాగాలేనివాడు ఆస్పత్రికి పోతాడు, రాజీనామా చెయ్యడు. నీకు తెలీదులే, నువ్వు టీ సంగతి చూడు. జనం వస్తారు."

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా ఆయన దూరప్రాంతాల బస్సు నడుపుతాడు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే. అందుకని ఆ ఎండాకాలం మా ఇంట్లో నడిచిన రాజకీయమంతా నేనే ముందు వరసలో కూర్చుని చూశాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. మా వార్డు ఆడవాళ్లకు కేటాయించిన వార్డు. పోటీ చేసింది అత్తయ్య, గెలిచింది అత్తయ్య, కౌన్సిల్లో ప్రమాణం చేసింది అత్తయ్య. వీధిలో అందరూ "మెంబరుగారూ" అని పిలిచేది మాత్రం మామయ్యని. అత్తయ్యని "మెంబరుగారి భార్య" అంటారు. కొత్తలో నాకిది నవ్వులాటగా ఉండేది. కాయితం తెచ్చినవాడు మామయ్యకిస్తాడు, మామయ్య చదివి "ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తారు, అత్తయ్య తడిచెయ్యి తుడుచుకుని సంతకం పెట్టి మళ్లీ స్టవ్ దగ్గరికి వెళ్లిపోతుంది. కౌన్సిల్ మీటింగుకి మాత్రం ఆవిడే వెళ్లాలి, అక్కడికి భర్తల్ని రానివ్వరు. అక్కడ అందరూ చెయ్యెత్తినప్పుడు తనూ ఎత్తి వచ్చేస్తుందని మామయ్య నమ్మకం.

మామయ్య అన్నట్టే కాసేపటికి హాలు నిండిపోయింది. చెప్పులు గుమ్మం దాటి మెట్ల దాకా వచ్చేశాయి. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే, టీలు అందిస్తూ నేను వాళ్ల లెక్క అర్థం చేసుకున్నాను. రాజకీయాల్లో రాజీనామా అంటే వదిలెయ్యడం కాదు. ఇంట్లో అలిగి భోజనానికి రానని ముసుగుతన్ని పడుకోవడం లాంటిది. ఎవరో ఒకరు వచ్చి బతిమాలాలి, లేపి కూర్చోబెట్టాలి, మామూలుకన్నా ఎక్కువ వడ్డించాలి. మంత్రిగారు ఇదివరకు రెండుసార్లు అలిగారట, రెండుసార్లూ ఇంకా పెద్ద శాఖ దొరికిందట. ఈసారి అలక ఏకంగా ప్రభుత్వంలో అందరికన్నా పెద్ద కుర్చీ కోసమేనని హాల్లో తేల్చేశారు.

"ఆయన పెద్ద కుర్చీ ఎక్కితే ఇక్కడి సీటు మనలో ఒకరికి వదిలేస్తారు," అన్నాడు పక్కవార్డు మెంబరు. ఆయనది కంకర వ్యాపారం. ఊరంతా ఆయన్ని కంకర అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు.

అందరూ కంకర వైపు ఒకసారి, మామయ్య వైపు ఒకసారి చూశారు. ఆ సీటు మీద ఆశ ఉన్నది వాళ్లిద్దరికే. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత నా నాలిక చివర దాకా వచ్చింది కానీ కొత్త కోడల్ని కదా, మింగేశాను.

"ముందు మన బలం చూపించాలి," అన్నాడు కంకర. "ఆయన మనుషులం ఎంతమందిమి మెంబర్లుగా ఉన్నామో అందరం మద్దతుగా రాజీనామాలు కొట్టేద్దాం. ముందు ఎవరిస్తే వాళ్ల పేరు ఆయన మనసులో పడుతుంది. నేను సోమవారం కమిషనర్ సెలవు నుంచి రాగానే ఇచ్చేస్తున్నా. మీ సంగతేంటి?"

"మాదీ సోమవారమే," అన్నారు మామయ్య.

నా వెనక ఖాళీ గ్లాసులు ఏరుతున్న అత్తయ్య ఒక్క క్షణం వంగినది వంగినట్టే ఆగింది. తర్వాత ఏరడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రానికి ఎవరూ అనుకోనిది జరిగింది. మంత్రిగారి రాజీనామాని పైవాళ్లు ఆమోదించేశారు. బతిమాలడానికి ఒక్కరూ పోలేదు. మామయ్య మొహం పాలిపోయింది. ఫోన్ల మీద ఫోన్లు చేశారు, మంత్రిగారు ఎత్తలేదు. చివరికి, "ఇదీ ఒక ఎత్తుగడే అయ్యుంటుంది. ఇప్పుడే మన రాజీనామాలు ఇంకా అవసరం," అని తనకి తనే చెప్పుకున్నారు.

శనివారం పొద్దున్నే అత్తయ్య నన్ను కూరగాయల మార్కెట్‌కి రమ్మంది. కూరలు కొని ఇంటిదారి పట్టకుండా మార్కెట్ వెనక్కి తీసుకెళ్లింది. ఒకప్పుడు చెత్త పోసే జాగాలో కొత్త ఇటుక గోడలు లేచి ఉన్నాయి. తలుపుల ఎత్తు దాటాయి, పైకప్పు ఇంకా పడలేదు. మేస్త్రీ తాడు పట్టి ఏదో కొలుస్తున్నాడు.

"ఏంటత్తయ్యా ఇది?"

"ఆడవాళ్ల మరుగుదొడ్లు."

పక్కనే దుంపలమ్మే ఆవిడ, అందరూ దుంపల పిన్ని అంటారు, గోనెసంచి దులుపుతూ నా వైపు తిరిగింది. "నువ్వు మెంబరమ్మ కోడలివా? చూడమ్మా, చీకటితో వచ్చి కూర్చుంటాం. మధ్యాహ్నం బేరాలు అయిపోయేదాకా గుక్కెడు నీళ్లు తాగం. తాగితే ఎక్కడికి పోవాలి? ఈ ఎండల్లో ఇద్దరు కడుపులో మంటెత్తి ఆస్పత్రి పాలయ్యారు. మగాళ్లకేం, గోడ కనపడితే చాలు."

మెంబరమ్మ అన్న పిలుపు నేను అక్కడే మొదటిసారి విన్నాను.

"మొదటి మీటింగులో అడిగితే నవ్వారు," అంది అత్తయ్య, గోడ మీది సిమెంటు చేత్తో తడుముతూ. "రెండో మీటింగులోనూ అడిగాను. జాగా లేదన్నారు. ఈ జాగా చూపించాను. డబ్బు లేదన్నారు. పూలకుండీలకి ఎక్కడిదన్నాను. ప్రతి మీటింగులోనూ లేచి ఇదొక్కటే అడిగి కూర్చునేదాన్ని. చివరికి విసుగెత్తి, ఈవిడ నోరు మూయించండి బాబూ అని ఒప్పుకున్నారు."

ఇంట్లో నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి. నేను నోరెళ్లబెట్టాను.

"మెంబరు దిగిపోతే వార్డులో పనులు ఆపేస్తారట. మళ్లీ ఎన్నిక జరిగి ఇంకొకరు వచ్చేదాకా. ఇంజనీరుని అడిగి తెలుసుకున్నాను. అప్పటిదాకా ఈ గోడలుండవు. ఇక్కడ కొట్లు లేపాలని కంకర ఎప్పటినుంచో చూస్తున్నాడు. పైకప్పు పడి, తలుపులు బిగించి, నీళ్లు వచ్చేదాకా నేను ఉండాలి."

"మామయ్యతో చెప్పండి అత్తయ్యా."

"చెబుతాను. ఆయన చెవి ఖాళీగా దొరకాలి కదా."

ఆ చెవి ఆదివారం మధ్యాహ్నం కూడా దొరకలేదు. మామయ్య టైపు చేయించిన కాయితం టేబుల్ మీద పెట్టి, అలవాటు ప్రకారం వేలు చూపించారు. "ఇదిగో, ఇక్కడ."

అత్తయ్య పెన్ను అందుకోలేదు. "మార్కెట్ దగ్గర పని ఒకటి సగంలో ఉందండీ. అది పూర్తయ్యాక ఇద్దాం."

"పనులదేముంది, తర్వాత చూసుకోవచ్చు. ఆ సీటు మనకొస్తే అలాంటివి వంద చేయిస్తాను."

"మంత్రిగారు మిమ్మల్ని ఇవ్వమన్నారా?"

"ఫోన్ ఎత్తట్లేదు."

"ఎత్తాక ఇద్దాం."

"అప్పటికి కంకర ఇచ్చేసి ఉంటాడు," అన్నారు మామయ్య గట్టిగా. నేను గుమ్మం దగ్గర ఉన్నానని చూసి గొంతు తగ్గించారు. కుర్చీలో కూలబడి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు. "ఇరవై ఏళ్లు. ఆయన కారు తలుపు తీశాను. ఆయన తిట్టినవాళ్లని తిట్టాను, ఆయన నవ్వితే నవ్వాను. మన వార్డు ఆడవాళ్లదైతే నిన్ను నిలబెట్టాను. ఎప్పటికైనా ఒక్కసారి నా పేరు గోడల మీద చూసుకోవాలని ఉంది. అది తప్పా?"

అత్తయ్య ఆయన వైపు చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. వంటింట్లోకి వచ్చాక ఆగలేక అడిగేశాను. "ఎందుకు పెట్టారత్తయ్యా? వాళ్లు పొద్దున్నుంచీ నీళ్లు తాగరు, మీరే చెప్పారు కదా."

"ఆయన మూడు రోజుల నుంచి సరిగ్గా కన్నుమూయలేదు. ఇవాళైనా కాస్త పడుకుంటారు," అంది అత్తయ్య. అంతకన్నా ఏమీ చెప్పలేదు. నేను ఆ రోజు ఆవిడతో మాట్లాడలేదు.

సోమవారం అత్తయ్యకి తోడుగా నన్నూ తీసుకెళ్లారు. మున్సిపల్ ఆఫీసు వరండాలో అప్పటికే విలేకరులు, ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. కంకర లోపలికెళ్లి రెండు నిమిషాల్లో బయటికొచ్చి చెయ్యి ఊపాడు. మా వంతు రాగానే మామయ్య చొక్కా సర్దుకుని అత్తయ్య కన్నా ముందు నడిచారు. తలుపు దగ్గర బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మెంబరు ఒక్కరే వెళ్లాలండీ. సొంతంగా ఇస్తున్నారా, ఎవరైనా ఇప్పిస్తున్నారా అని సార్ విడిగా అడగాలి. రూలు."

"నేను భర్తని."

"భర్తలైతే అసలు రాకూడదండీ. ఆ రూలు పెట్టిందే మీకోసం."

ఫోటోగ్రాఫర్లు నవ్వారు. మామయ్య కూడా నవ్వినట్టు మొహం పెట్టి వాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. అత్తయ్య లోపలికెళ్లింది. ఆ తలుపుకి పైసగం అద్దం. నేను దాని పక్కనే నిలబడ్డాను.

లోపల కూలర్ హోరుకి ఒక్క ముక్కా వినపడలేదు. కమిషనర్ కాయితం చదివాడు. కళ్లజోడు తీసి ఏదో అడిగాడు. అత్తయ్య తలొంచుకుని కాయితం వైపే చూస్తూ ఉంది. నా అరచేతులు చెమటలు పట్టాయి. ఆయన మళ్లీ అడిగాడు. అప్పుడు అత్తయ్య తలెత్తి ఏదో అంది. పెద్ద మాట కాదు, పెదాలు ఒకసారి కదిలాయంతే. కమిషనర్ కుర్చీలో వెనక్కి వాలి, ఆవిణ్ణి ఇప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ఆ తర్వాత కాయితాన్ని ఒక వేలితో బల్ల మీద ఇవతలికి జరిపాడు. అత్తయ్య దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆవిడ బయట అడుగు పెట్టగానే మైకులు మూగాయి. "ఇచ్చేశారా మేడమ్?"

"ఇచ్చేశాం," అన్నారు మామయ్య పక్కకొచ్చి నిలబడుతూ. "మంత్రిగారి కోసం ప్రాణమైనా ఇస్తాం, పదవెంత?"

కెమెరాలు మెరిశాయి. అత్తయ్య వాటి వైపు చూస్తూ నిలబడింది, అంతే. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. రెండో ప్రశ్న మామయ్యనే అడిగారు.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో మామయ్య ముందు డ్రైవరు పక్కన కూర్చుని ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నారు. వెనక అత్తయ్య నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఏం చూశావ్?"

"ఏమీ చూడలేదత్తయ్యా."

"మంచిది," అంది. ఆవిడ చెయ్యి కూడా నా చెయ్యిలాగే తడిగా ఉంది.

ఫోటో పేపర్లో పడింది. దాంతో మేస్త్రీ పని ఆపేశాడు. కంకర మనుషులు ఇద్దరు వచ్చి ఆ జాగా కొలుచుకుని పోయారని దుంపల పిన్ని కబురు పెట్టింది. అత్తయ్య, నేను మార్కెట్‌కి పరిగెత్తాం. "నేనింకా మెంబర్నే. నమ్మకపోతే కమిషనర్‌ని అడుగు," అంది అత్తయ్య మేస్త్రీతో. అతను అక్కడి నుంచే ఆఫీసుకి ఫోన్ చేశాడు. విని, ఫోన్ జేబులో పెట్టుకుని, సిమెంటు కలపమని కూలీలకి చెప్పాడు.

ఆ మాట చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ విన్నారు. వాళ్లలో ఒక్కరి నోట్లోనూ నువ్వుగింజ నానదని ఊళ్లో పేరు. అలాంటిది, ఆ వారమంతా మామయ్య ఆ మార్కెట్ మీదుగా రోజూ నడిచి వెళ్లినా ఒక్కరూ పెదవి విప్పలేదు. ఆయన కనపడగానే గబగబా బేరాల్లో పడిపోయేవాళ్లు. జనంలో తన గౌరవం పెరిగిందని ఆయన ఇంటికొచ్చి చెప్పారు.

ఇంట్లో నాకు మాత్రం ఊపిరాడేది కాదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని, గేటు చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. ఒకరోజు పొద్దున్నే కంకర వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, మామయ్య వైపు కాకుండా వంటింటి వైపు చూస్తూ అన్నాడు:

"ఆఫీసులో ఎవరో అంటున్నారు, మీది ఇంకా రాలేదని."

"ఎవడా అన్నది? నా కళ్ల ముందే లోపలికెళ్లి ఇచ్చొచ్చింది."

అత్తయ్య టీ తెచ్చి కంకర ముందు పెట్టింది. గ్లాసు పెట్టేటప్పుడు చప్పుడు కాలేదు. కంకర ఆవిడ మొహంలోకి చూశాడు. "ఏమ్మా, ఇచ్చారు కదా?"

"ఇచ్చిందయ్యా," అన్నారు మామయ్య, అత్తయ్య నోరు తెరిచే లోపే. "పేపర్లో ఫోటో చూళ్లేదా? పొద్దున్నే వచ్చి ఇదేం అనుమానం?"

కంకర టీ తాగి వెళ్లిపోయాడు. వంటింట్లో అత్తయ్య గట్టు పట్టుకుని కాసేపు నిలబడింది. "అడిగాడు కదా, చెబుదామనే అనుకున్నాను," అంది నాతో. "ఈయన చెప్పనిచ్చారా?" ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. భయానికో, దేనికో తెలీదు.

మంత్రిగారు ఆ తర్వాతి వారం ఊళ్లోకి వచ్చారు. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు తుడిపించుకుని వెళ్లారు. మధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చారు. చెప్పులు విప్పకుండానే హాల్లో కూర్చున్నారు. ఆయన చెప్పులతో ఇంట్లోకి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"అవతలి పార్టీలో చేరిపోయారు," అన్నారు నేలవైపు చూస్తూ. "అక్కడ ఆయనకి పెద్ద పదవి ముందే మాట్లాడుకున్నారట. రాజీనామా అందుకే ఇచ్చారట. ఇక్కడి సీటుకి ఆ పార్టీ తరఫున ఆయన అల్లుడు నిలబడతాడట."

"మరి మీరంతా?" అంది అత్తయ్య.

"మీ త్యాగం మరిచిపోను అన్నారు. అని కారెక్కారు. కారు తలుపు నేనే తీశాను."

వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. మామయ్య మొహం తుడుచుకున్నారు. చెమటనుకున్నాను, చెమట కాదు.

"నా సంగతి సరే. ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని తిరిగినందుకు నాకు తగిందే," అన్నారు. "నీదీ పోగొట్టాను. జనం నీకు వేసిన ఓట్లు. నేను వేలు పెట్టి చూపించి మరీ పోగొట్టాను. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను."

అత్తయ్య ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన ముందు అలా కూర్చోవడం ఆవిడకి అలవాటు లేదు. "నాది పోలేదండీ."

"ఆ?"

"నేను ఇవ్వలేదు. మీ అంతట మీరే ఇస్తున్నారా అని కమిషనర్ అడిగాడు. కాదన్నాను. కాయితం వెనక్కిచ్చేశాడు."

మామయ్య నా వైపు చూశారు. నేను తల ఊపాను. "ఇన్ని రోజులూ... నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"మీరు నన్నడగలేదు కదండీ. ఎవరడిగినా మీరే చెప్పారు."

ఆయన కోప్పడతారని నేను గోడకి ఆనుకుని ఎదురుచూశాను. కోప్పడలేదు. ఎందుకివ్వలేదని కూడా అడగలేదు. మెల్లగా ఆయన మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. చెయ్యి చాపి ఫోన్ అందుకున్నారు.

"హలో, నేనే. ఆఁ, చూశాం, చూశాం. ముందే అనుమానం కొట్టింది నాకు. అందుకే మా ఆవిడది ఇవ్వనివ్వలేదు."

అత్తయ్య లేచి లోపలికెళ్లిపోయింది. ఆ రెండు మూడు రోజుల్లో ఆయన ఊరందరికీ అదే చెప్పారు. చెప్పగా చెప్పగా ఆ మాట మీద తనకే నమ్మకం కుదిరింది. నాకు ఆయన మీద జాలి పోయి మళ్లీ మంట మొదలైంది.

ఆ ఫోన్ల ఫలితమే అయ్యుంటుంది, పార్టీ నుంచి ఒక పెద్దమనిషి కారేసుకుని మా ఇంటికి వచ్చాడు. మంత్రిగారు వదిలేసి పోయిన పార్టీ. జుట్టంతా తెల్లగా ఉంది, మాట నెమ్మది. మామయ్యని ఆలింగనం చేసుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆయన మనుషులంతా రాజీనామాలిచ్చి కొట్టుకుపోయారు. ఊళ్లో మన పార్టీకి మిగిలింది మీ ఇంటి మెంబరు ఒక్కరే. అంత గాలిలో మీ ఆవిణ్ణి ఆపి నిలబెట్టారంటే మీది మామూలు తెలివి కాదు," అన్నాడు. "ఖాళీ అయిన సీటుకి ఎన్నిక వస్తోంది. పైన మీ పేరే అనుకుంటున్నారు. నిలబడతారా?"

వంటింటి గుమ్మంలో అత్తయ్య, ఆవిడ వెనక నేను. మామయ్య చెవుల దాకా ఎర్రబడ్డారు. ఆయన ఇరవై ఏళ్లుగా వినాలనుకున్న మాట అది. సరే అంటే చాలు. ఆయన ఆ మాట అనబోతూ ఇటు చూశారు. అత్తయ్య కళ్లు దించలేదు, కోపంగానూ లేదు, ఊరికే చూస్తోంది.

"అది నా తెలివి కాదండీ," అన్నారు మామయ్య. గొంతు సవరించుకుని మళ్లీ అన్నారు. "అందరికీ అలాగే చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం. ఇమ్మని సంతకం పెట్టించింది నేను. ఇవ్వకుండా నిలబడింది ఆవిడ. అడగాల్సింది నన్ను కాదు, ఆవిణ్ణి."

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆయన్ని చూసి గర్వపడటం అదే మొదలు. మామయ్య కుర్చీలో నిమ్మళంగా వెనక్కి వాలారు. ఆయన మొహంలో చిన్న నవ్వు కూడా ఉంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఏమంటుందో ఆయనకి తెలుసు. నాకెందుకండీ ఇవన్నీ, ఆయనకే ఇవ్వండి అంటుంది.

పెద్దమనిషి అత్తయ్య వైపు తిరిగాడు. "ఏమంటారమ్మా?"

"నిలబడతాను," అంది అత్తయ్య.

మామయ్య నవ్వు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. పెద్దమనిషి ఆయన్నీ ఈవిడనీ మార్చి మార్చి చూసి, "మీవారు..." అని నసిగాడు.

"ఆయనే కదండీ నన్నడగమన్నారు. నామినేషన్ ఎప్పటిలోగా వెయ్యాలి?"

ఆయన తేదీ చెప్పాడు. ఇంకేవో వివరాలు చెప్పాడు. అత్తయ్య నిలబడే విన్నది, రెండు చోట్ల ఆపి మళ్లీ చెప్పమంది. కారు వెళ్లిపోయింది. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను గ్లాసులు తియ్యడానికి హాల్లోకి వెళ్లాను.

"అమ్మాయ్," అన్నారు మామయ్య. "మీ అత్తయ్య నిలబడతాననే అందా?"

"అవును మామయ్యా."

"వద్దంటుందనుకున్నాను," అన్నారు మెల్లగా. "అందుకే అడగమన్నాను."

నేను గ్లాసులు ఏరుకున్నాను. ఆయన లేచి వంటింటి గుమ్మం దాకా నడిచారు. లోపలికి వెళ్లకుండా తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"మరి నన్నేం చెయ్యమంటావు?" అన్నారు. ఎత్తిపొడుపు లేదు అందులో. నిజంగానే అడిగారు.

అత్తయ్య ఆయన వైపు తిరిగింది. "రేపు పొద్దున నాతో మార్కెట్‌కి రండి. పైకప్పు వేస్తున్నారు."

"దేనికి పైకప్పు?"

అత్తయ్య నా వైపు ఒకసారి చూసింది. స్టవ్ ఆపింది. ఆయనకొక స్టూలు జరిపి, తనొకటి లాక్కుని కూర్చుని, మొదటి మీటింగు నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.